గొడుగు ఒకటి, కొసరు ఒకటి

ఫోను ఠింగుమన్నప్పుడు నేను పెనం మీద దోసె తిరగేస్తున్నాను. "మీ విదేశీ పార్సిలు మీ ఊరు చేరినది. గుర్తింపు కార్డుతో వచ్చి తీసుకొనగలరు" అని ఉంది. అట్లకాడ చేతిలో ఉండగానే గదిలోకి పరిగెత్తాను.

"ఏవండీ! మన గొడుగొచ్చేసింది!"

మా ఆయన ఫణీంద్ర గడ్డం గీసుకుంటున్నారు. సగం మొహం నురగ, సగం మొహం నవ్వు. ఇద్దరం అక్కడే రెండు గంతులు వేశాం. ఈలోగా దోసె మాడింది. దాన్ని చెరి సగం తిన్నాం. మాడిన దోసె ఇంత రుచిగా ఉంటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. పెళ్ళయి అప్పటికి నలభై మూడు రోజులు.

ఆ గొడుగు గురించి చెప్పాలి. కాలువ రోడ్డులో వరహాలమ్మ గారి మేడ మీద రెండు గదుల వాటా మాది. ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్ళాక నేను కిటికీ పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుని ప్రపంచమంతా తిరిగొస్తాను. ఎమ్మే ఎకనామిక్స్ చదివినందుకు అదొక ఉపయోగం. విదేశీ ఆన్‌లైన్ దుకాణాల్లో చవకగా కొనాలంటే ఒక కిటుకుంది. మనకేం కావాలో చూడకూడదు, అక్కడివాళ్ళకి ఏది అక్కర్లేదో చూడాలి. వాళ్ళకి ఎండలు మొదలైన వారం ఉన్ని మేజోళ్ళు, పండగ వెళ్ళిన మర్నాడు రంగు కొవ్వొత్తులు. అలా ఒక దేశం నించి నిమ్మకాయ పిండేది, ఇంకో దేశం నించి ఆయన చొక్కాలకి చెక్క గుండీలు తెప్పించాను. తెప్పించినవాటి కంటే చూసి మురిసిపోయి వదిలేసినవే ఎక్కువ. చూసినందుకు ఏ దేశమూ డబ్బు తీసుకోదు.

గొడుగు కూడా అలాగే దొరికింది. రెండు గొడుగులు భుజాలు కలుపుకుని నిలబడ్డట్టుంటుంది. కర్ర ఒకటే. ఏడాది పొడుగునా వాన కురిసే ఒక దేశంలో ఒకావిడ నడుపుకునే చిన్న దుకాణం. అసలు ధరలో మూడో వంతుకే పెట్టింది. ఎందుకంత చవకని అడిగితే, "మా దగ్గర ఒకరి గొడుగులోకి ఇంకొకరు రారు. ఆరేళ్ళుగా ఇదొక్కటీ మిగిలిపోయింది" అని రాసింది. పాపం అనిపించింది. అయినా బేరమాడాను. పాపం, ఇంకాస్త తగ్గించింది.

మాకున్నది ఆయన బ్రహ్మచారిగా ఉన్నప్పటి గొడుగు. అందులో ఇద్దరం వెళితే ఆయన కుడి భుజం, నా ఎడమ భుజం తడుస్తాయి. నాకు సరదాగానే ఉంటుంది కానీ ఆయన మాత్రం ఇంటికొచ్చాక పదకొండుసార్లు తుమ్ముతారు. లెక్కపెట్టాను. పెళ్ళయ్యాక మొదటి వానాకాలం మళ్ళీ రాదు కదా. అది అయిపోయేలోగా ఇద్దరం పొడిపొడిగా ఒకే గొడుగులో కాలువ గట్టు మీద నడవాలి. నా కోరిక అంతే.

సరే, ధర కుదిరింది. ధర కుదిరాక కొసరు అడక్కపోతే మా అమ్మ నన్ను కూతురిగా ఒప్పుకోదు. అందుకని "మరి కొసరేమిస్తారు?" అని రాశాను. అదేమిటని ఆవిడ అడిగింది. "మా ఊళ్ళో కూరలు కొన్నాక గుప్పెడు కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు ఊరికే వేస్తారు. దాన్ని కొసరంటాం. అడక్కపోయినా వేస్తారు, కానీ అడక్కపోతే చిన్నబుచ్చుకుంటారు" అని వివరించాను. ఆవిడకి ఎంత నచ్చిందో! "ఇంత మంచి అలవాటు ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. మీకూ ఒకటి వేస్తున్నాను" అని జవాబు రాసింది. ఏం వేసిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. కొసరు ఏమిటో ముందే తెలిస్తే సంచీ తెరిచే సరదా ఏముంటుంది?

ఆవిడ ఎంత నిజాయితీపరురాలంటే, పార్సిలు మీది కాగితంలో "ఇద్దరి గొడుగు – 1, కొసరు – 1" అని గుండ్రటి అక్షరాలతో రాసి పంపింది.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం.

మా ఊరి విదేశీ పొట్లాల పరిశీలనా, నిర్ధారణా, విడుదలా కేంద్రం ఒక మూతపడ్డ సినిమా హాల్లో ఉంది. నాకు చూడగానే నచ్చేసింది. టికెట్లమ్మే కన్నంలోంచే మాట్లాడాలి. లోపల పార్సిళ్ళన్నీ కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మా పార్సిలు సన్నగా, పొడుగ్గా, హెచ్ వరసలో పన్నెండో కుర్చీలో కూర్చుని ఖాళీ తెర వైపు చూస్తోంది.

"అదేనండీ, అదే!" అని ఆయన చెయ్యి గిల్లాను.

కన్నం అవతల సీనియర్ అసిస్టెంటు బాపిరాజు గారు మా కాగితం మూడుసార్లు చదివారు. తర్వాత దిండంత లావు పుస్తకం తెరిచారు.

"గొడుగుకి ఇబ్బంది లేదమ్మా. ఈ పుస్తకంలో గొడుగుకి అంకె ఉంది. ఇద్దరి గొడుగైనా ఒక గొడుగు కిందే లెక్క. కొసరుకి అంకె లేదు."

"లేకపోతే ఏమండీ?"

"ఏమండీ అంటే ఏం చెప్పనమ్మా? ఇందులో తొమ్మిది వేల వస్తువులున్నాయి. గాడిదలున్నాయి. గాడిద వెంట్రుకలు వేరేగా ఉన్నాయి. శవపేటికలు ఉన్నాయి, వాడినవి, వాడనివి. కొసరు లేదు."

"పోనీ విప్పి చూసెయ్యండి," అన్నారు మా ఆయన.

బాపిరాజు గారు కళ్ళద్దాలు తీసి మా ఆయన వైపు జాలిగా చూశారు. "ఏముందో తెలియని పొట్లం విప్పకూడదు బాబూ. నిబంధన."

"విప్పితేనే కదండీ తెలిసేది?"

"తెలిసిన పొట్లం విప్పనక్కర్లేదు కదా బాబూ. అందుకే ఈ ఆఫీసు పెట్టింది మొదలు ఇప్పటిదాకా మేం ఒక్క పొట్లం కూడా విప్పలేదు. ఏ జిల్లాలోనూ లేదు ఇలాంటి రికార్డు."

పైకి పంపించారు. పూర్వం సినిమా వేసే మిషనుండే గదిలో పర్యవేక్షణాధికారి దక్షిణామూర్తి గారు కూర్చుంటారు. ఆయన ఆ చిన్న కిటికీలోంచి హాలంతటినీ, అందులోని పొట్లాలన్నిటినీ చూడగలరు. మమ్మల్ని కూర్చోమని, చాలా మర్యాదగా విషయం విచారించారు.

"అమ్మా, విదేశము నుండి ఒక వస్తువు వచ్చుటకు ప్రభుత్వమునకు తెలిసిన మార్గములు మూడు. కొనుగోలు, బహుమతి, నమూనా. సదరు కొసరు మీరు కొన్నారా?"

"లేదండీ. కొన్నది గొడుగు."

"అయితే బహుమతియా?"

"అడిగి పుచ్చుకున్నది బహుమతి ఎలా అవుతుందండీ?"

"నమూనాయా?"

"దేనికి నమూనా అండీ?"

దక్షిణామూర్తి గారు కలం కిందపెట్టారు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. నేను ఎమ్మేలో ఫస్టుక్లాసు వచ్చిందని చెప్పినప్పుడు మా లెక్చరరు గారి మొహం కూడా అంత వెలగలేదు.

"కొనలేదు. ఊరికే ఇవ్వలేదు. అయినా వచ్చినది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇట్టి వస్తువు నా దృష్టికి రాలేదు. బాపిరాజు గారూ, కొత్త ఫైలు తెరవండి. ఎర్ర ట్యాగు వేయండి. పైన ఈమె పేరు రాయండి."

బాపిరాజు గారు అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'శ్రీమతి అనఘా ఫణీంద్ర – కొసరు' అని రాశారు. పెళ్ళయ్యాక నా పేరూ ఆయన పేరూ పక్కపక్కన రాసి ఉండడం అదే మొదటిసారి చూడడం. ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. ఫైళ్ళు ఫోటో తియ్యకూడదట.

"సదరు పొట్లము ముప్పది దినములు మాత్రమే ఇచట ఉండును," అన్నారు దక్షిణామూర్తి గారు. "అటు పిమ్మట వచ్చిన దారినే తిరిగి పోవును. కావున మనము త్వరపడవలెను. మొదట కమిటీ వేద్దాము."

కమిటీలో ముగ్గురు: అధ్యక్షులుగా దక్షిణామూర్తి గారు, కార్యదర్శిగా బాపిరాజు గారు, కొసరు విషయ నిపుణురాలిగా నేను. నాకొక బ్యాడ్జీ కూడా ఇచ్చారు. ఇంటికెళ్ళే దారిలో వాన పట్టుకుంది. బ్రహ్మచారి గొడుగులో బ్యాడ్జీ తడవకుండా మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆ రోజు పదమూడు తుమ్ములు.

క్షేత్రస్థాయి అధ్యయనం సోమవారం పొద్దున్న కూరగాయల మార్కెట్లో జరిగింది. నేను రోజూ కూరలు కొనే నూకరత్నం దగ్గరికే వాళ్ళని తీసుకెళ్ళాను. ఆవిడకి నేనంటే ముద్దు. పెళ్ళికూతురమ్మా అని పిలుస్తుంది.

దక్షిణామూర్తి గారు జేబులోంచి కాగితం తీసి చదివారు. "అర కిలో బీరకాయలు ఇమ్ము."

నూకరత్నం నావైపు చూసింది. నేను కళ్ళతోనే ఇమ్మన్నాను. తూచింది, సంచీలో పోసింది, పక్క బుట్టలోంచి కరివేపాకు లాగి పైన పడేసింది.

"ఆగుము! ఇప్పుడేమి చేసితివి?"

"కరేపాకేసేనండి."

"అడిగితినా?"

"అడగలేదండి. అడిగితే ఇంకో రెమ్మేసేదాన్ని."

"ఎందులకు వేసితివి?"

"అదేటండి బాబూ, అలాగడుగుతారు? ఎయ్యకపోతే ఊరుకుంటారేటండి? మీ ఇంట్లో ఆడోళ్ళు మిమ్మల్ని గుమ్మంలోకి రానిత్తారా?"

"ఎంత వేసితివి?"

"సేతికొచ్చినంత."

"రాసుకోండి బాపిరాజు గారూ. పరిమాణము: చేతికొచ్చినంత." ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "అయితే చెయ్యి కొలవవలెను."

బాపిరాజు గారు టేపు తీశారు. నూకరత్నం చెయ్యి మణికట్టు నించి నడివేలు కొసదాకా ఆరున్నర అంగుళాలు వచ్చింది. పక్క దుకాణం ఆయనది ఏడుంబావు. ఉల్లిపాయలమ్మే ఆవిడది ఆరు. దక్షిణామూర్తి గారు బాధగా తల పట్టుకున్నారు. ఒకే మార్కెట్లో మూడు కొసర్లా! చివరికి నూకరత్నం చేతిని ప్రామాణిక హస్తంగా నిర్ణయించారు. తూకం రాళ్ళకి లాగే ఏటా ఆ చేతిని కూడా తనిఖీ చేసి ముద్ర వెయ్యాలని తీర్మానం రాశారు.

"ముద్దరేస్తే మండుద్దాండి?" అంది నూకరత్నం.

"అది సాంకేతిక విభాగము వారు తెలుపుదురు. మరియొక ప్రశ్న. నాకు రెండు రెమ్మలు వేసితివి. ఈమెకు రోజూ నాలుగు వేయుదువట. ఈ వ్యత్యాసమునకు ఆధారమేమి?"

"ఆయమ్మ కొత్త పెళ్ళికూతురండి. పైగా నవ్వుతా అడుగుద్ది. మీరు కాయితం సూసి అడిగేరు."

"రాసుకోండి. నవ్వు ఉన్నచో, అదనముగా రెండు రెమ్మలు."

నాకు గర్వంగా అనిపించింది. నా నవ్వు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కింది. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన, "దాని విలువ రెండు రెమ్మలేనా? అప్పీలు చేద్దాం" అన్నారు.

తొమ్మిదో రోజుకి సర్క్యులరు వచ్చింది. విదేశీ కొసరు విలువ తేలాలంటే స్వదేశీ కొసరుకి ముందు ఒక పద్ధతి ఉండాలి కదా. అందుకని మా ఊళ్ళో కొసరు ఇచ్చేవాళ్ళందరూ లైసెన్సు తీసుకోవాలి. ప్రతి కొసరుకీ మూడు కాగితాలు పూర్తి చెయ్యాలి. ఇచ్చినవారు ఒకటి, పుచ్చుకున్నవారు ఒకటి, ఆఫీసుకొకటి. లైసెన్సు లేని కొసరు, అడిగినా, అడక్కుండా ఇచ్చినా, నేరం.

చెయ్యి అప్పటికే కొలిచేశారు కాబట్టి ఒకటో నంబరు లైసెన్సు నూకరత్నానికి ఇచ్చారు. ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదు. ఆవిడ కూడా దాన్ని వంకాయల పైన మేకుకి తగిలించి, కరివేపాకు బుట్ట ఇంటి దగ్గరే వదిలేసి రావడం మొదలుపెట్టింది.

"గుప్పెడాకుకి మూడు కాయితాలేటండి? ఆకు కంటే కాయితమే బరువుగా ఉంది," అంది.

మా ఊళ్ళో కరివేపాకుని కొనడమన్నది ఎవరూ ఎరగరు. ఎంతకని అడగాలో తెలియదు, ఎంతని చెప్పాలో తెలియదు. అందుకని వారం తిరిగేసరికి ఊరంతా కరివేపాకు ఆగిపోయింది. చారు ఉత్త నీళ్ళలా అయింది. ఉప్మాని చూస్తే జ్వరం వచ్చినవాళ్ళకి పెట్టేదానిలా ఉంది. పెరట్లో చెట్టున్నవాళ్ళ ఇళ్ళకి చుట్టాలు రావడం ఎక్కువైంది. గడియారస్తంభం దగ్గర హోటల్లో పలకమీద "ఈరోజు కరివేపాకు లేదు. కారణం: గొడుగు" అని రాసి పెట్టారు.

కరివేపాకుతో ఆగలేదు. మూర పూల మీద బెత్తెడు పూలు ఆగాయి. పాలవాడు కొలిచాక చివర్లో పోసే చిన్న చుక్క ఆగింది. పానీపూరీ తిన్నాక ఇచ్చే ఉత్త పూరీ ఆగింది, దాంతో కాలేజీ పిల్లలు ఊరేగింపు తీశారు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై మూడు వచ్చినవాడికి వేసే ఆ రెండు మార్కులు కూడా కొసరు కిందికే వస్తాయేమోనని ప్రిన్సిపాలు గారు ఆపించారు. మా ఆయనకి గొడుగు మాస్టారని పేరొచ్చింది. ఆయన పొద్దున్న వెళ్ళేటప్పుడు గేటుదాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చి, ఏమీ తీసుకోకుండా ఇంకోసారి "వెళ్ళొస్తా" అని చెప్పి వెళతారు. నాకు రోజంతటిలో అదే ఇష్టం. దానికి కూడా మూడు కాగితాలు కావాలేమోనని ఇద్దరం కంగారుపడ్డాం. నేను బాపిరాజు గారిని అడిగాను. "అడక్కండమ్మా. అడిగితే చెప్పాల్సొస్తుంది" అన్నారు ఆయన మెల్లగా.

కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ వరహాలమ్మ గారు మేడమెట్ల దగ్గర నన్ను ఆపారు.

"ఏమ్మా అనఘా, మన ఊళ్ళో గొడుగులు లేవా తల్లీ?"

"ఉన్నాయి పిన్నిగారూ. ఇద్దరివి లేవు."

"మీ బాబాయిగారితో నేను నలభై ఏళ్ళు కాపరం చేశాను. ఆయన గొడుగు ఆయనది, నా గొడుగు నాది. ఏం తక్కువైంది?" అని, ఒక్క క్షణం ఆగి, "ఆ రెండు గొడుగుల మధ్య నించి నీళ్ళు మాత్రం సరిగ్గా నా మీదే పడేవి. సరే కానీ, ఆ పార్సిలు తొందరగా తెచ్చుకో. చారు పోసుకోవాలంటే ఏడుపొస్తోంది" అన్నారు.

నేను రోజు విడిచి రోజు ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా హెచ్ పన్నెండు వైపు చెయ్యి ఊపేదాన్ని. దక్షిణామూర్తి గారు చిక్కిపోతున్నారు. ఆయన ఇంట్లో కూడా కరివేపాకు లేదు. మిగతావాళ్ళలా దొంగతనంగా తెప్పించుకునే మనిషి కాదు.

"అమ్మా, నా ఇంట్లో ఉప్మా ఇప్పుడు ప్రభుత్వ నియమములకు సంపూర్ణముగా లోబడి ఉన్నది," అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "కాని నియమము నియమమే."

ఇరవై ఎనిమిదో రోజు గాలివానకి బ్రహ్మచారి గొడుగు వెనక్కి విరుచుకుపోయి, మా ఆయన చేతిలో కర్ర మాత్రం మిగిలింది. మర్నాటికి ఆయనకి గొంతు పోయింది. అదే రోజు తుది విచారణ. మరుసటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి వెనక్కెళ్ళే పార్సిళ్ళ బండి బయల్దేరుతుంది.

సాయంత్రం విచారణకి ఊరు ఊరంతా వచ్చింది. కుర్చీల్లో పొట్లాలున్నాయి కాబట్టి జనం నిలబడ్డారు. తెర ముందు బల్ల వేసుకుని దక్షిణామూర్తి గారు కూర్చున్నారు. బాపిరాజు గారు మా పార్సిలుని రెండు చేతులా తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. అంత దగ్గరగా దాన్ని చూడడం అదే మొదలు. చెయ్యి వెయ్యబోతే ఎర్ర ట్యాగు చూపించారు.

"ఈ ఊరిలో ఏకైక లైసెన్సుదారు నూకరత్నము," అని పిలిచారు. "కమిటీ అన్నియు తేల్చినది. ఎంత అనునది తేలినది, ఎవరికి అనునది తేలినది. ఎందుకు అనునది తేలలేదు. అసలు కొసరు ఎందులకు ఇత్తురు?"

నూకరత్నం చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "రేపు మళ్ళీ రావాలనండి."

బాపిరాజు గారు రాసుకుంటుంటే ఆవిడే మళ్ళీ చెప్పింది.

"ఇవాల్టి కూరకి ఇవాళ లెక్క సరిపోద్దండి. కరేపాకు రేపటికండి. అది సంచీలో కనపడితే, నూకరత్నం ఉందనుకుని మళ్ళీ నా దగ్గరకే వత్తారు. అంతేనండి. ఇందులో పెద్ద ఏముందండి?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఎమ్మే రెండేళ్ళలో ఇంత తేలిగ్గా నాకు ఎవరూ చెప్పలేదు. దక్షిణామూర్తి గారు ఆ మాటని స్వయంగా ఫైల్లో రాసుకున్నారు.

"అనగా, కొసరు ఇప్పటి కొనుగోలుకు చెందినది కాదు. రేపటి కొనుగోలుకు చెందినది. రేపటి కొనుగోలు ఇంకను జరగలేదు. జరగని కొనుగోలుకు చెందిన వస్తువును నేడు విడుదల చేయుటకు నాకు అధికారము లేదు." ఆయన ఫైలు మూసేశారు. "చింతించుచున్నాను."

పెళ్ళయిన డెబ్బై రెండు రోజుల్లో నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి. "అయ్యా, గొడుగొక్కటీ ఇచ్చెయ్యండి. కొసరు మీరే ఉంచుకోండి" అన్నాను.

"విప్పని పొట్లము ఒకే వస్తువమ్మా. అందులో ఒక్కటి సందేహమైనచో మొత్తము సందేహమే."

మా ఆయన ఏదో అనబోయారు. గొంతు లేదు కదా, తుమ్మొచ్చింది. ఒకటి కాదు. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేడు దగ్గర వరహాలమ్మ గారు ముందుకొచ్చి, "ఏమయ్యా, పిల్లవాడు ఊపిరితిత్తులు ఊడొచ్చేలా తుమ్ముతున్నాడు, నీ పుస్తకంలో ఇంకో కాగితమే లేదా?" అని గదమాయించారు.

బాపిరాజు గారు సర్క్యులరు తిరగేశారు. చివరి పేజీ వెనకవైపు ఎవరూ చదవలేదట. దాన్ని వెలుతురులో పెట్టి చదివి దగ్గారు.

"అయ్యా, కొసరు పుచ్చుకునే హక్కు ఈమెకి తేలలేదు గానీ, ఇచ్చే లైసెన్సు నూకరత్నానికుంది. పన్నెండో నిబంధన ప్రకారం, కొసరని పేరున్న ఏ వస్తువునైనా లైసెన్సుదారు చేతికి అప్పగించవచ్చు."

"పొట్లము ఒకే వస్తువు. ఫైలు మీద దానికి కొసరని పేరున్నది." దక్షిణామూర్తి గారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. "అనగా ఈ పొట్లమంతయు కొసరే! నూకరత్నమునకు అప్పగించవచ్చును. నూకరత్నము దానిని తన ఖాతాదారుకు, యథావిధిగా, కొనుగోలు మీద కొసరుగా..."

హాలు దద్దరిల్లిపోయింది. నూకరత్నం రెండు చేతులూ చాచి, "ఆయ్, ఇలాగియ్యండి. పెళ్ళికూతురమ్మా, పావు కిలో దొండకాయలు కొనుక్కో, నీ గొడుగు నీకేసేత్తాను" అంది.

"ఆగుడు," అన్నారు దక్షిణామూర్తి గారు. "పదమూడవ నిబంధన. కొసరు బరువు, కొన్న సరుకు బరువులో పదో వంతుకు మించరాదు."

నూకరత్నం తక్కెడ తెప్పించారు. పొట్లం కిలో ఎనిమిది వందల గ్రాములు తూగింది.

అందరూ గాల్లో లెక్కలు కట్టారు. నేనే ముందు చెప్పాను. "పద్దెనిమిది కిలోలు."

"పద్దెనిమిది కిలోలేం కొంటారమ్మా, ఇద్దరున్న ఇంట్లో?" అన్నారు బాపిరాజు గారు దిగులుగా.

నాకప్పటికే సంతోషం తిరిగొచ్చేసింది. ఇప్పుడు చూడాల్సింది, మా ఊళ్ళో ఎవరికీ అక్కర్లేనిది ఏమిటని. "నూకరత్నం, నీ దగ్గర మూల ఎన్నాళ్ళనించో పడున్నవేమిటి?"

"గుమ్మడికాయలండి. పెద్దయి రెండున్నాయి. రెండూ కలిపి ఇరవై కిలోలకి తగ్గవు. ఎవరూ కొనట్లేదు."

"అవే."

"అయితే బేరమాడకు తల్లీ."

"బేరము తప్పనిసరి," అన్నారు దక్షిణామూర్తి గారు. "బేరము లేని కొనుగోలు మీద కొసరు చెల్లదు. రేపు నేను స్వయముగా పొట్లముతో మార్కెట్టుకు వచ్చి పర్యవేక్షింతును. సదరు కొసరు సక్రమముగా జరిగినచో, నియమావళి అవసరము తీరినదని పైకి సిఫారసు చేయుదును." ఆయన ఇంకేదో అనబోయి మింగేసి, "కరివేపాకు నిమిత్తము" అన్నారు.

అప్పుడు మా ఆయన ఒక కాగితం మీద రాసి వరహాలమ్మ గారి చేతికిచ్చారు. ఆవిడ బల్ల ఎక్కినంత పని చేసి గట్టిగా చదివారు: రేపు మధ్యాహ్నం మా మేడ మీద కాలువ రోడ్డు వాళ్ళందరికీ భోజనాలు, గుమ్మడికాయ దప్పళం, గుమ్మడికాయ కూర, గుమ్మడికాయ హల్వా, చెట్టున్నవాళ్ళు కరివేపాకు తెచ్చుకోవాలి.

ఆకాశం చూస్తే రేపు కూడా కురిసేలాగే ఉంది. కురిస్తే మరీ మంచిది. పొద్దున్న ఏడింటికి మార్కెట్టు తెరుస్తారు. బండి పన్నెండింటికి. మధ్యలో అయిదు గంటలుంది. బేరం నేనాడతాను. ఒక గుమ్మడికాయ బాపిరాజు గారు పడతానన్నారు, రెండోది మా ఆయన. గొడుగు మాత్రం, నూకరత్నం ఇచ్చిన మరుక్షణం అక్కడే విప్పేస్తాం.